కూడికలో చెప్పుకునే కన్నీళ్లు: ఆఫ్రికన్ అమెరికన్ మహిళల ఓదార్పు బృందాల వెనక లెక్కలు

మూడు అంకెలతో మొదలుపెడదాం. 2001, 2003 మధ్య అమెరికాలో నల్లజాతి ప్రజల మానసిక ఆరోగ్యం మీద ఒక పెద్ద సర్వే జరిగింది. నేషనల్ సర్వే ఆఫ్ అమెరికన్ లైఫ్ అని దాని పేరు. 3,570 మంది ఆఫ్రికన్ అమెరికన్లను అందులో ప్రశ్నించారు. కుంగుబాటుకు సంబంధించిన ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన కుంగుబాటుకు లోనైనవాళ్లు తెల్లజాతివాళ్లలో 17.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం. ఈ ఒక్క వరుస చదివి ఊరుకుంటే, వీళ్ల గుండె గట్టిది, ఇబ్బందేమీ లేదు అనిపిస్తుంది.

రెండో వరుస చదివితే ఆ నిశ్చింత పోతుంది. ఒకసారి కుంగుబాటు వచ్చినవాళ్లలో, సర్వేకు ముందు ఏడాదిలో కూడా దానితో బాధపడినవాళ్లు తెల్లజాతిలో 38.6 శాతం ఉంటే, ఆఫ్రికన్ అమెరికన్లలో 56.5 శాతం ఉన్నారు. మూడో వరుస ఇంకా బాధ పెడుతుంది. జబ్బు ఉందని తేలిన ఆఫ్రికన్ అమెరికన్లలో ఏ రకమైన చికిత్స అయినా అందింది 45 శాతానికే. తక్కువమందికి వస్తోంది, వస్తే ఓ పట్టాన వదలడం లేదు, సగానికి పైగా మంది వైద్యం గడప తొక్కడం లేదు.

ఈ లెక్కలో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు. ఈ కథనం మాత్రం ఆడవాళ్ల గురించి. వైద్యుడి దగ్గరకు వెళ్లని ఆ స్త్రీ ఎక్కడికి వెళుతోంది అనే ప్రశ్నకు జవాబు అమెరికాలో అందరికీ తెలిసిందే. చర్చికి వెళుతోంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క ప్రకారం, తమ జీవితంలో మతం చాలా ముఖ్యమని చెప్పిన నల్లజాతి మహిళలు 80 శాతం, పురుషులు 69 శాతం. అదే సంస్థ 8,660 మంది నల్లజాతి పెద్దలను ప్రశ్నించి 2021లో ప్రచురించిన నివేదికలో, దేవుణ్నో ఏదో ఒక పరమశక్తినో నమ్ముతామన్నవాళ్లు 97 శాతం. రోజూ ప్రార్థన చేసేవాళ్లు 63 శాతం. ఇంతమంది ఇంత నమ్మకంతో పట్టుకుని ఉన్న చోటు మరొకటి లేదు కాబట్టి, మనసు విరిగినవాళ్ల కోసం బృందాలు కూడా అక్కడే పుట్టాయి. చర్చి వెనక గదిలో, ఆదివారం బడి జరిగే హాల్లో, ఒక్కోసారి పాస్టరుగారి భార్య వంటింట్లో పదిమంది ఆడవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. అక్కడ ఏం జరుగుతుంది, అది నిజంగా పనిచేస్తుందా, ఎక్కడ పనిచేయదు అన్నవే ఈ కథనంలో తేల్చుకోవాల్సిన మాటలు.

ముందు వాళ్లు మోసుకొచ్చే బరువు ఎంతో చూడాలి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010 సర్వేలో, భర్త లేదా సహచరుడి చేతిలో అత్యాచారమో, దెబ్బలో, వెంటాడి వేధించడమో జీవితంలో ఎప్పుడైనా అనుభవించామన్న నల్లజాతి మహిళలు 43.7 శాతం. తెల్లజాతి మహిళల్లో అది 34.6. ప్రసవ మరణాలు చూడండి. 2023లో ప్రతి లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లజాతి తల్లులవి 14.5. మూడు రెట్ల కన్నా ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ నల్లజాతి స్త్రీలకు కాస్త తక్కువగానే వస్తుంది, కానీ దానివల్ల చనిపోయేవాళ్లు దాదాపు 40 శాతం ఎక్కువ. పిల్లల సంగతికి వస్తే, అమెరికాలో 18 ఏళ్లలోపు జనాభాలో నల్లజాతి పిల్లలు 14 శాతం. 2021లో తుపాకి కాల్పుల్లో పోయిన పిల్లల్లో వాళ్లు 46 శాతం. అలా పోయిన ఒక్కో బిడ్డ వెనక ఒక తల్లి ఉంటుంది. ఆమె తర్వాతి వారం పనిలోకి వెళ్లాలి, మిగిలిన పిల్లలకు అన్నం పెట్టాలి, ఆదివారం గాయక బృందంలో నిలబడాలి.

నిలబడుతుంది కూడా. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు షెరిల్ వుడ్స్-గిస్కోంబే 48 మంది ఆఫ్రికన్ అమెరికన్ మహిళలను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారని అడిగారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి 2010లో ఆమె ఒక నమూనా రాశారు. దానికి సూపర్‌వుమన్ స్కీమా అని పేరు పెట్టారు. ఎప్పుడూ బలంగా కనిపించి తీరాలి. ఏడుపు, కోపం బయటపడకూడదు. ఎవరి మీదా ఆధారపడకూడదు. చేతిలో ఏమీ లేకపోయినా గెలిచి చూపాలి. అందరికంటే ముందు ఇతరులకు సాయపడాలి. ఈ ఐదూ కలిసి ఒక స్త్రీని నిలబెడతాయి, అవే ఆమెను లోపలినుంచి తినేస్తాయి. బానిసత్వం నాటి నుంచి కుటుంబాన్ని బతికించింది ఈ గట్టితనమే కాబట్టి దాన్ని వదులుకోమని చెప్పడం ఎవరికీ సులభం కాదు. తల్లి కూతురికి నేర్పింది, కూతురు తన కూతురికి నేర్పింది.

ఒంటి మీద దాని వెల ఎంతో కూడా లెక్క తేలింది. ఆర్లీన్ జెరోనిమస్ అనే ప్రజారోగ్య పరిశోధకురాలు 1992లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఏళ్ల తరబడి వివక్షనూ లేమినీ తట్టుకుంటూ ఉంటే శరీరం వయసుకు ముందే అరిగిపోతుందన్నది దాని సారం. 2010లో ఆమె బృందం జీవకణాల్లోని క్రోమోజోముల కొసలను కొలిచింది. వయసు పెరిగేకొద్దీ ఆ కొసలు పొట్టివవుతాయి. 49 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న నల్లజాతి స్త్రీల శరీరం, అదే వయసు తెల్లజాతి స్త్రీల శరీరం కన్నా సగటున 7.5 ఏళ్లు ముదిరినట్టు వాళ్ల అంచనా. గట్టి మనిషి అని నలుగురూ మెచ్చుకున్న స్త్రీ ఒంట్లోంచి ఏడున్నరేళ్లు ఎవరికీ కనిపించకుండా పోయాయన్నమాట.

డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చు కదా అని మనం అనుకుంటాం. ఆ మాటకు వాళ్ల దగ్గర పాత జవాబు ఉంది. 1845 నుంచి 1849 దాకా అలబామాలోని మాంట్‌గొమరీలో జె. మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రం చరిత్రకు దక్కాయి. అనార్కా ఒక్కతే దాదాపు 30 ఆపరేషన్లు భరించింది. ఆ వైద్యుణ్ని స్త్రీ వైద్యశాస్త్ర పితామహుడని పొగిడారు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గర విగ్రహం పెట్టారు. 2018లో గానీ దాన్ని అక్కడినుంచి తీయలేదు. ఇది పుస్తకాల్లో మూలపడ్డ చరిత్ర కాదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను పరీక్షించారు. నల్లజాతివాళ్ల చర్మం మందంగా ఉంటుంది లాంటి తప్పుడు నమ్మకాల్లో ఒక్కటైనా నిజమనుకున్నవాళ్లు దాదాపు సగం మంది. నొప్పిగా ఉందని చెబితే డాక్టరు నమ్మడేమోనన్న భయం ఊరికే పుట్టింది కాదు.

మనసుకు వైద్యం చేసేవాళ్లలో తమవాళ్లు దొరకడం ఇంకా కష్టం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2015లో ఆ దేశపు సైకాలజిస్టుల్లో 86 శాతం తెల్లజాతివాళ్లు, 4 శాతం నల్లజాతివాళ్లు. జనాభాలో నల్లజాతి వాటా దాదాపు 13 శాతం. పైగా ఒక్క గంట కౌన్సెలింగ్‌కు 100 నుంచి 200 డాలర్లు అవుతుంది. బీమా లేని స్త్రీకి అది వారం సరుకుల డబ్బు. చర్చి గదిలో కుర్చీకి రుసుము లేదు, ఎదురుగా కూర్చున్న మనిషికి తన బతుకేమిటో మొదటినుంచీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ కుర్చీల వరుసకు పూర్వ చరిత్ర ఉంది. బానిసలుగా ఉన్నప్పుడు యజమాని కళ్లు కప్పి అడవుల్లో, వాగుల పక్కన రాత్రిళ్లు చేరి ప్రార్థించుకునేవాళ్లు. పగలంతా నోరు మెదపలేని మనిషికి ఏడవడానికి అనుమతి ఉన్న చోటు అదొక్కటే. విముక్తి తర్వాత అది చర్చిలో సాక్ష్యం చెప్పే కూడికగా నిలిచింది. సాక్ష్యమంటే మన ఊళ్లలో ప్రార్థన కూడికలకు వెళ్లినవాళ్లకు వేరే వివరించనక్కర్లేదు. లేచి నిలబడి, నాకు ఇలా జరిగింది, దేవుడు నన్ను ఇలా దాటించాడు అని నలుగురి ముందు చెప్పడం. వినేవాళ్లు ఊకొడతారు, ఏడుస్తారు, అవునంటారు. మానసిక వైద్యులు బృంద చికిత్స అని పేరు పెట్టకముందే ఈ ఆడవాళ్లు దానికి దగ్గరి పని చేస్తున్నారు.

ఆ సాక్ష్యం మన దేశానికీ ఒకసారి వచ్చింది. 1837లో మేరీలాండ్‌లో బానిసగా పుట్టిన అమండా స్మిత్ ఇంటింటా బట్టలు ఉతికి బతికింది, ఇద్దరు భర్తలను, కన్న పిల్లల్లో ఎక్కువమందిని పోగొట్టుకుంది, తర్వాత సువార్త ప్రచారకురాలైంది. 1879లో భారతదేశానికి వచ్చి రెండేళ్ల దాకా ఇక్కడ తిరిగి బోధించింది. 1893లో తన కథ తానే రాసుకుంది. ఇల్లు, బిడ్డలు, దుఃఖం గురించి నిలబడి మాట్లాడిన ఆ నల్లజాతి స్త్రీని చూసి మన వాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవాలని నాకు చాలా కోరిక.

చర్చి ఆడవాళ్లతో నిండింది గానీ చర్చి పీఠం ఆడవాళ్లకు దక్కలేదు. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం 1816లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. 1819లో జరీనా లీ అనే స్త్రీకి ప్రసంగించడానికి అనుమతి ఇచ్చారు. అదే సంఘానికి తొలి మహిళా బిషప్‌గా వష్టి మర్ఫీ మెకెంజీ ఎన్నికైంది 2000లో. మధ్యలో 181 ఏళ్లు. అంతకాలం వేదిక మీద మాట పురుషులది, వెనక గదిలో కన్నీరు స్త్రీలది. కొట్టిన భర్తను క్షమించమని, తగ్గి ఉండమని, ప్రార్థనలో కనిపెట్టమని చెప్పి ఇంటికి పంపిన పాస్టర్లు ఎందరో. ఈ మాట దాచిపెట్టి ఓదార్పు బృందాల గొప్ప చెప్పడం అన్యాయం.

ఆ వెనక గదిని గట్టిగా కుదిపింది 1980ల దశకం. 1983లో అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాలలో ఆరోగ్య కార్యకర్త బిల్లీ ఏవరీ నల్లజాతి మహిళల ఆరోగ్యం మీద తొలి జాతీయ సమావేశం పెట్టారు. ఏవరీ భర్త 33 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆ దెబ్బ తర్వాతే ఆమె ఆరోగ్యం గురించి పట్టించుకోవడం మొదలుపెట్టారు. ఆ సమావేశానికి దాదాపు 2,000 మంది వచ్చారు. అక్కడ రక్తపోటు, మధుమేహం గురించి మాట్లాడుకోవాలనుకుంటే, నోరు తెరిచిన ప్రతి స్త్రీ నుంచీ హింస, అత్యాచారం, ఎవరికీ చెప్పుకోని దుఃఖం బయటికొచ్చాయి. అక్కడినుంచి ఊరూరా స్వయంసహాయక బృందాలు ఏర్పడ్డాయి. దాదాపు అదే కాలంలో రచయిత్రి బెల్ హుక్స్ తన నల్లజాతి విద్యార్థినులతో ఒక ఓదార్పు బృందం నడిపి, ఆ అనుభవంతో 1993లో ఒక పుస్తకం వేశారు. ఇవి చర్చి బృందాలు కావు. కానీ వీటిలో నోరు విప్పడం నేర్చుకున్న ఆడవాళ్లే ఆదివారం చర్చికి తిరిగి వెళ్లి, ఇక్కడ ఈ మాట ఎందుకు మాట్లాడకూడదు అని అడిగారు.

1993లోనే డెలోర్స్ విలియమ్స్ అనే వేదాంత పండితురాలు హాగరును ముందుకు తెచ్చారు. బైబిల్లో అబ్రాహాము ఇంటి దాసి హాగరు. కడుపుతో ఉండగా కష్టాలు పడలేక ఒకసారి ఎడారిలోకి పారిపోయింది, కొడుకుతో సహా మరోసారి వెళ్లగొట్టబడింది. దేవుడు ఆమెను చూశాడని, ఆమె దేవునికి ఒక పేరు పెట్టిందని ఆదికాండం చెబుతుంది. బానిసత్వం చూసిన జాతి స్త్రీలకు అబ్రాహాము భార్య శారా కంటే హాగరు దగ్గరి మనిషి. ఇప్పటికీ ఈ బృందాల్లో ఎక్కువగా చదివే కథల్లో అదొకటి. రెండోది లూకా సువార్త 13వ అధ్యాయంలో 18 ఏళ్లు నడుం వంగిపోయి నిటారుగా నిలబడలేకపోయిన స్త్రీ కథ. పాస్టర్ టి.డి. జేక్స్ వెస్ట్ వర్జీనియాలో ఆ కథ మీద ఆదివారం తరగతిగా మొదలుపెట్టిన బోధన 1993లో పుస్తకమైంది, తర్వాత మహాసభలయింది. 1999లో అట్లాంటా జార్జియా డోమ్‌కు 80 వేలకు పైగా స్త్రీలు వచ్చారు. చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస గురించి వేదిక మీంచి బహిరంగంగా మాట్లాడటం ఆనాటికి కొత్త. అయితే నా ఉద్దేశంలో 80 వేల మందిలో ఏడ్చిన కన్నీరు ఆ రాత్రికి తేలిక చేస్తుంది, అంతవరకే. సోమవారం నుంచి పక్కన ఉండేది పదిమంది గుంపు.

ఇక అసలు లెక్కకు వద్దాం. బోస్టన్ విశ్వవిద్యాలయం 1995లో బ్లాక్ విమెన్స్ హెల్త్ స్టడీ మొదలుపెట్టింది. నల్లజాతి స్త్రీలు చదివే ఎసెన్స్ పత్రిక చందాదారులకు ప్రధానంగా ప్రశ్నపత్రాలు పంపి, 59 వేల మందిని చేర్చుకుంది. వాళ్లలో 36 వేలకు పైగా మందిని 2005 నుంచి 2013 దాకా గమనించి, మతానికీ ఆయుష్షుకూ ఉన్న సంబంధం మీద 2017లో ఒక వ్యాసం వెలువరించారు. వారంలో చాలాసార్లు చర్చి ఆరాధనకు వెళ్లే స్త్రీలలో, ఎన్నడూ వెళ్లనివాళ్లతో పోలిస్తే, మరణాల రేటు 36 శాతం తక్కువ. నర్సుల మీద జరిగిన, ఎక్కువగా తెల్లజాతి స్త్రీలే ఉన్న మరో అధ్యయనం అలాంటి అంకెనే ఇచ్చింది: 33 శాతం.

నన్ను ఆపేసిన వాక్యం ఆ వ్యాసంలో ఇంకొకటి ఉంది. రోజుకు ఎన్నోసార్లు ప్రార్థన చేయడానికి విడిగా అలాంటి ప్రయోజనం కనిపించలేదు. నేను చాలా భక్తిపరురాలిని అని చెప్పుకోవడానికి, కష్టాల్లో దేవుణ్ని తలచుకోవడానికి మొదట కాస్త ప్రయోజనం కనిపించినా, వయసు, ఆరోగ్యం, చర్చికి వెళ్లే అలవాటు లాంటివన్నీ లెక్కలో కలిపాక అది దాదాపు కరిగిపోయింది. చివరికి గట్టిగా నిలిచింది ఒక్కటే: వెళ్లి నలుగురితో కూర్చోవడం.

ఇది జాగ్రత్తగా చదవాల్సిన ఫలితం. ప్రార్థనకు బలం లేదని ఇది చెప్పడం లేదు. గాఢమైన బాధలో ఉన్న మనిషి, జబ్బు ముదిరిన మనిషి ఎక్కువ ప్రార్థిస్తుంది, దానివల్ల లెక్క అటువైపు ఒరుగుతుంది. మంచం పట్టినవాళ్లు చర్చికి వెళ్లలేరు కాబట్టి వెళ్లేవాళ్లు సహజంగానే ఆరోగ్యవంతులుగా కనిపిస్తారు. పరిశోధకులు దీన్ని సర్దడానికి ప్రయత్నించారు గానీ ఇలాంటి అధ్యయనాల్లో ఆ సందేహం పూర్తిగా తీరదు. పత్రికకు చందా కట్టగల చదువుకున్న స్త్రీలు అందరికీ ప్రతినిధులు కూడా కారు. అన్నీ ఒప్పుకున్నాక కూడా ఒంటరి గదిలో మోకాళ్ల మీద పడిన స్త్రీ కంటే, మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి కూడికకు వచ్చిన స్త్రీకి ఎక్కువ ఆసరా దొరుకుతోందన్న సూచన ఆ అంకెల్లో ఉంది. ఓదార్పు బృందాలను నేను ఇంత పట్టుదలగా సమర్థించడానికి కారణం అదే.

బృందం ఎలా నడుస్తుంది? ఎనిమిది నుంచి పన్నెండు మంది. ఎక్కువమంది అయితే అందరికీ వంతు రాదు. ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా, వారానికొకసారి, గంటన్నర. అమెరికా చర్చిల్లో విరివిగా వాడే గ్రీఫ్‌షేర్ అనే శోక పాఠ్యక్రమం 13 వారాలది. చిన్న ప్రార్థనతో మొదలుపెడతారు, హాగరు కథో కీర్తనో చదువుతారు, తర్వాత వంతులవారీగా మాట్లాడతారు. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉండాలన్నది మొదటి నియమం. ఎవరూ సలహా ఇవ్వకూడదన్నది రెండోది, పాటించడం అన్నిటికన్నా కష్టమైంది కూడా అదే. సలహా ఇవ్వడంలో చేయి తిరిగిన ఆడవాళ్లు వీళ్లంతా. సంఘంలో పెద్దమ్మలుగా, మదర్స్ అని పిలిపించుకుంటూ తెల్లబట్టలు కట్టి ముందు వరుసలో కూర్చునే వృద్ధులు ఊరందరికీ దారి చూపినవాళ్లు. అలాంటావిడ నోరు కట్టుకుని, మనవరాలి వయసున్న అమ్మాయి ఏడుస్తుంటే కన్నీళ్లు తుడవకుండా చివరిదాకా వినాలి. తుడిస్తే ఏడుపు ఆగిపోతుంది, మాటా ఆగిపోతుంది. మాట్లాడనంటే వంతు దాటించవచ్చు. ఇంట్లో రాసుకురమ్మంటారు. చివర మళ్లీ ప్రార్థన, ఈసారి ఒకరి పేరు ఒకరు ఎత్తి.

నష్టాన్ని బట్టి బృందాలు వేరవుతాయి. ఫ్లోరిడాలో 17 ఏళ్ల ట్రేవాన్ మార్టిన్‌ను 2012 ఫిబ్రవరి 26న కాల్చి చంపారు. అతని తల్లి సిబ్రీనా ఫుల్టన్ 2014 నుంచి సర్కిల్ ఆఫ్ మదర్స్ పేరుతో, తుపాకికి బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను ఏడాదికోసారి ఒకచోట చేరుస్తోంది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ నల్లజాతి స్త్రీల కోసం 1994లో హ్యూస్టన్‌లో సిస్టర్స్ నెట్‌వర్క్ పుట్టింది. అర్కన్సాలో విట్నెస్ ప్రాజెక్ట్ అయితే చర్చి సాక్ష్యాన్నే ఆయుధం చేసుకుంది. రొమ్ము క్యాన్సర్ దాటినవాళ్లు చర్చి వేదిక మీద నిలబడి, పరీక్ష చేయించుకోండి అని సాక్ష్యం చెబుతారు. జబ్బు పేరు పైకి ఉచ్చరించడమే సిగ్గనుకున్న చోట ఇది చిన్న పని కాదు.

నాష్‌విల్‌లోని మెట్రోపాలిటన్ ఇంటర్‌డినామినేషనల్ చర్చిలో మొదలైన దీనా ప్రాజెక్ట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. మోనికా కోల్‌మన్ వేదాంత విద్యార్థినిగా ఉండగా అత్యాచారానికి గురైంది. ఈ సంగతి ఆమే తన పుస్తకాల్లో రాసుకుంది. చర్చిలో తనకు ఎక్కడా చోటు దొరకలేదని చూసి, లైంగిక హింసకు లోనైనవాళ్ల కోసం అదే చర్చిలో ఒక సేవ కట్టింది. 2004లో దాని చేతి పుస్తకం వచ్చింది. పేరు ఆదికాండం 34వ అధ్యాయంలోని దీనాది. యాకోబు కూతురు. ఆమె మీద దౌర్జన్యం జరుగుతుంది, అన్నలు కోపపడతారు, తండ్రి ఊరుకుంటాడు, పట్టణమే కూలిపోతుంది. అధ్యాయం మొత్తంలో దీనా ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆ మాట్లాడని అమ్మాయికి మాట్లాడే చోటు కల్పించడమే ఆ ప్రాజెక్టు పని. బృందం ఒక్కటే కాదు, ఆరాధనలో ఏ ప్రార్థన చేయాలి, పాస్టరు ఏ మాట అనకూడదు, పోలీసుకూ కౌన్సెలర్‌కూ ఎలా అప్పగించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. మత బృందం ఎలా ఉండాలంటే నేను చూపించే నమూనా ఇది.

వైద్యపరంగా పరీక్షకు నిలబడినది నియా ప్రాజెక్ట్. అట్లాంటాలో పేదల ఆస్పత్రిగా పేరున్న గ్రేడీలో, ఎమరీ విశ్వవిద్యాలయం సైకాలజిస్టు నాడీన్ కాస్లో దీన్ని నడిపారు. సహచరుడి హింస పడి, ఆత్మహత్యకు ప్రయత్నించిన ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు 217 మంది ఆ అధ్యయనంలో ఉన్నారు. కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితోపాటు 10 విడతల బృంద కూడికలు. ఆ కూడికల్లో వాళ్ల సంస్కృతి, నల్లజాతి వీరవనితల కథలు, దైవభక్తి అన్నీ కలిపారు. బృందంలో ఉన్నవాళ్లలో కుంగుబాటు వేగంగా తగ్గిందని, మళ్లీ హింస ఎదురైనప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన తక్కువగా వచ్చిందని 2010లో ప్రకటించారు. భక్తి ఉంది, ప్రక్కనే డాక్టరూ ఉన్నాడు. రెండూ ఒకే గదిలో ఇమిడాయి.

ఇక ప్రమాదం సంగతి. 1979–80లో 2,107 మంది నల్లజాతి పెద్దలతో జరిగిన జాతీయ సర్వే సమాచారాన్ని పరిశీలించి 1998లో ఒక వ్యాసం వచ్చింది. కష్టంలో మొదట పాస్టర్ దగ్గరకు వెళ్లినవాళ్లు, ఆ తర్వాత వేరే నిపుణుల దగ్గరకు వెళ్లడం తక్కువని అందులో తేలింది. పాస్టర్ మంచివాడే కావచ్చు, ఓదార్చాడు కూడా. కానీ ఆ ఓదార్పుతోనే దారి ఆగిపోయింది. కుంగుబాటు విశ్వాసలోపమని, మందు వేసుకుంటే దేవుణ్ని నమ్మనట్టేనని చెప్పే బృందం మనిషిని చంపగలదు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు.

మార్పు కనిపిస్తోంది. హార్లెమ్‌లోని ఫస్ట్ కొరింథియన్ బాప్టిస్ట్ చర్చి 2016లో హోప్ సెంటర్ పేరుతో ఉచిత మానసిక వైద్యకేంద్రం తెరిచింది. చదువుకున్న థెరపిస్టులే అక్కడ పనిచేస్తారు. జులై నెలను మైనారిటీల మానసిక ఆరోగ్య మాసంగా అమెరికా కాంగ్రెస్ 2008లో ప్రకటించింది. దానికి రచయిత్రి బెబీ మూర్ క్యాంప్‌బెల్ పేరు పెట్టారు. తన ఇంట్లోనే మానసిక రోగాన్ని చూసి లాస్ ఏంజెలెస్ నల్లజాతి కుటుంబాల కోసం బృందం కట్టిన మనిషి ఆమె. మరోపక్క యువతరం చర్చికి దూరమవుతోంది. ప్యూ 2021 నివేదికలో ఏ మతానికీ చెందమన్నవాళ్లు నల్లజాతి పెద్దల్లో మొత్తం మీద 21 శాతమే. 1981, 1996 మధ్య పుట్టినవాళ్లలో మాత్రం 33 శాతం. అట్లాంటా సైకాలజిస్టు జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ 2014లో మొదలుపెట్టిన థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్ లాంటి వేదికల్లో వాళ్లు తమ వలయాలు తాము వేసుకుంటున్నారు. కుర్చీలు మారాయి, కూర్చునే అవసరం మారలేదు.

కాబట్టి ఏదైనా మత సంఘంలో ఇలాంటి బృందం మంచిదా కాదా అని తేల్చుకోవాలంటే నేను చూసేవి కొన్నే. విన్నది బయటికి పోదన్న హామీ ఉందా. నడిపే ఆవిడకు శిక్షణ ఉందా. కొడుతున్న భర్త దగ్గరకు తిరిగి వెళ్లమని ఎవరైనా అంటున్నారా. డాక్టరు ఫోన్ నంబరు ఆ గది గోడ మీద ఉందా. మొదటి రెండూ లేకపోతే వెళ్లొద్దు. మూడోది వినిపిస్తే లేచి వచ్చేయండి. నాలుగోది లేకపోతే మీరే రాసి అతికించండి. అమెరికాలో ఆ నంబరు 988, ఏ వేళైనా, ఉచితం. మన దేశంలో ప్రభుత్వ టెలిమానస్ సేవ నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.